వార్డులో ఒక్క ప్లగ్ పాయింటు

ఆస్పత్రి వార్డులో పనిచేసే ప్లగ్ పాయింటు ఒక్కటే. దాన్ని టీవీ ఆక్రమించింది. యుద్ధానికి కొన్న కొత్త విమానాలను చూపిస్తూ మంత్రిగారు మురిసిపోతున్నారు. మంచం మీద మా అత్తగారికి ఆయాసం. మందు ఆవిరి పట్టే మెషిన్ నా ఒళ్లో ఊరికే ఉంది. నాకు ఒళ్లు మండింది.

“విమానాలకి డబ్బులుంటాయి, ఇంకో ప్లగ్గుకి ఉండవా?” అని నర్సు మీద విరుచుకుపడ్డాను.

“నన్నంటే ఏం లాభమండీ?” అంటూ ఆవిడ మంత్రిగారి మాట మధ్యలోనే టీవీ ప్లగ్గు పీకేసి, మా మెషిన్ పెట్టింది.

అత్తగారి ముఖం తేటపడింది. వార్డంతా హాయిగా కునుకు తీసింది.

కాసేపటికి పక్క మంచం పెద్దాయన లేచి, “యుద్ధం ఏమైందమ్మా?” అన్నాడు.

అత్తగారు మాస్కు పక్కకి జరిపి నవ్వారు. “ప్లగ్గు పీకేశాం కదా బాబాయ్, ఆగిపోయుంటుందిలే.”