ఆరు వందలకు రుజువు లేదు

అచ్చాఫీసులో ఏ అచ్చు ఉండాల్సిన గడిలో ఆ అచ్చు ఉంటేనే పెద్దమ్మకు మనసు కుదుటపడేది. మనుషులే ఉంచిన చోట ఉండరు. భర్త, తమ్ముడు, ఆఖరికి చెల్లెలు, అందరూ "వెళ్ళొస్తా" అనే వెళ్ళారు. ఒక్కరూ రాలేదు. ఇప్పుడు ఆ చెల్లెలి కూతురి వంతు. రేవు పట్నంలో పెద్ద అచ్చాఫీసులో పిల్లకు పని దొరికింది. లెక్కల మాస్టారి పుస్తకం కంపోజింగు అయిపోగానే ప్రయాణం.

"సెలవులకి తప్పకుండా వస్తాను పెద్దమ్మా."

"పోయినవాళ్ళంతా ఆ మాటే అన్నారు. రుజువు చూపించు, పంపిస్తా."

"ఇంకా బండే ఎక్కలేదు, తిరిగొచ్చినట్టు రుజువు ఎక్కణ్ణుంచి తేను?"

మాస్టారి పుస్తకం కూడా రుజువుల గురించే. అందులో గుర్తులు ఇద్దరికీ కొత్తవి కావడంతో గడులకు నంబర్లు వేసుకున్నారు. సమానం గుర్తు ఒకటో గడి, ఒకటి అంకె రెండో గడి, సున్నా మూడో గడి. మాస్టారు ఆ నంబర్లతోనే ఒక్కో వాక్యాన్నీ ఒక్క సంఖ్యగా మార్చి రాసేవారు. అదెలాగో పిల్ల విడమరచి చెప్పింది.

"రెండు, మూడు, ఐదు. ఇక విడగొట్టలేని ఈ సంఖ్యలు వరసగా వేసిన కుర్చీలనుకో. మొదటి కుర్చీలో మూడో గడి అచ్చు కూర్చుంటే, రెండుని మూడుసార్లు వేసి ఒకదాంతో ఒకటి గుణించాలి. ఎనిమిది. రెండో కుర్చీలో ఒకటో గడి, కాబట్టి ఒక్క మూడు. మూడో కుర్చీలో రెండో గడి, అంటే ఐదుని రెండుసార్లు వేసి గుణిస్తే ఇరవై ఐదు. అన్నీ గుణిస్తే ఆరు వందలు. దాన్ని విడగొడితే మళ్ళీ అదే వాక్యం వస్తుంది: సున్నా సమానం ఒకటి."

"సున్నా ఒకటెలా అవుతుందే?"

"అవదు. అవదని చెప్పుకోడానికే ఈ తంటా. లెక్కకి సంఖ్యల గురించి తప్ప మాట్లాడటం రాదు. వాక్యానికి సంఖ్యని పేరుగా పెడితే, తన వాక్యాల గురించి తనే మాట్లాడుకుంటుంది."

"నాలాగే. పలకరించే దిక్కు లేదు కాబోలు పాపం."

ఆ విద్య పెద్దమ్మకు తలకెక్కింది. ఇంటి నంబర్లు, బస్సు నంబర్లు కూడా విడగొట్టి చూసేది. ఏ బస్సూ తిన్నగా ఒక్క మాట చెప్పిన పాపాన పోలేదు.

ఆఖరి పేజీ ప్రూఫు చూసిన రోజున మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని నిలబడిపోయారు.

"అమ్మా, ఇక్కడ ఆరు వందలకు రుజువు లేదు అని ఉండాలి. రుజువు ఉండటం, లేకపోవటం కూడా నేను గుణకారాలూ భాగహారాలతోనే చెప్పాను. మీరేమో ఆరు వందలని విడగొట్టి, సున్నా సమానం ఒకటి అని పేర్చారు. పేరు చెప్పమంటే మనిషినే లాక్కొచ్చి కూర్చోబెట్టారు. ఎన్నడూ అనకూడని మాటని నా లెక్క చేత అనిపించారు."

పిల్లకు నవ్వాగలేదు. "నన్ను ఆపడానికి కావాలని చేశావు కదూ?"

"ఒట్టు. అలవాటులో విడగొట్టేశానే."

అది నిజమే. దిద్దడానికి ఇంకో పూట పడుతుందని తట్టగానే ప్రాణం లేచొచ్చినదీ నిజమే. దాంతో ఆశ పెరిగింది.

"మాస్టారూ, ఆ మాట ఎన్నడూ అననని లెక్క చేతే రుజువు చేయించి వేయండి. ఇంకో నాలుగు పేజీలు పెరిగితే ఏం పోయింది?"

"అదే కుదరదమ్మా. లెక్కలో తప్పే లేకపోతే, తప్పు లేదన్న సంగతిని, అంటే ఆరు వందలకు రుజువు లేదన్నదాన్ని, తన నియమాలతో తనే రుజువు చేసుకోలేదు. చేసి చూపించిందా, అప్పుడే అనుమానించాలి."

"అడక్కుండానే ఒట్లు పెట్టేవాళ్ళలాగా," అంది పిల్ల, పెద్దమ్మ వంక ఓరగా చూస్తూ.

పెద్దమ్మ ఆ దెబ్బను పట్టించుకోలేదు. "మరి మీరెలా నమ్మారు మాస్టారూ?"

"ఇన్నేళ్ళు దాంతో మెలిగాను. సున్నా ఒకటని ఒక్కనాడూ అనలేదు. లోపల రుజువు దొరకదని తెలిశాక, బయట నిలబడి చూస్తున్నాను."

మాస్టారు వెళ్ళాక పెద్దమ్మ తప్పు అచ్చుల్ని ఊడదీసి ఏ గడివి ఆ గడిలో వేసింది. ఆరు, సున్నా, సున్నా ఏరి వరసలో బిగించింది. మనిషి ఎక్కడో ఉన్నా పేరు ఇక్కడ నిలబడుతుందని ఆ వరసను చూస్తుంటే తెలిసింది. తెలిసినందుకు సంతోషమేమీ కలగలేదు. పని మాత్రం అయిపోయింది.

మర్నాడు పిల్ల సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది. "వెళ్ళొస్తా పెద్దమ్మా," అని, రుజువు అడుగుతుందేమోనని కాసేపు ఆగింది.

"ఊఁ. ఒట్లు పెట్టకు, అనుమానం వస్తుంది. వెళ్ళిరా."

లోపల యంత్రం ఆఖరి పేజీ అచ్చు వేస్తోంది. పెద్దమ్మ సిరా చేతులు తుడుచుకుని గుమ్మం దాటింది. మెట్టు మీద నిలబడి చూసింది. సందు మలుపులో పిల్ల వెనక్కి తిరిగి, వేలితో గాల్లో ఆరు, సున్నా, సున్నా రాసి నవ్వింది.

ఆఖరి సున్నా పూర్తిగా కలవలేదు. పెద్దమ్మ అది చూడనే చూసింది. కేకేసి చెప్పబోయి మానుకుంది.

వచ్చాక దిద్దిస్తే సరి.