బొమ్మ లేని పుస్తకం

రాజధాని నుంచి ఎవరో ఆవిడ వచ్చి తమ మూడో తరగతిలో వెనక బల్ల మీద కూర్చుంటోందని మా అమ్మాయి కియానా చెప్పిన రోజే నాకు ముద్ద దిగలేదు. ఆ ఏడు రాష్ట్రం కొత్త చట్టం తెచ్చింది. చదివే పరీక్ష తప్పితే పిల్లల్ని నాలుగులోకి పంపరట. ఆవిణ్ణి వెళ్లిపొమ్మని చెబుదామనే, నేను చేపలు కోసే ప్లాంటులో సెలవడిగి బడికి వెళ్లాను.

టీచరు గెయిన్స్ నవ్వింది. "నీకెందుకు దిగులు వెర్లీన్? కియానాకు అన్నీ 'ఏ' గ్రేడులేగా!"

"మరి ఈవిడెందుకొచ్చింది? పిల్లల్ని ఫెయిల్ చేయడానికేగా?"

వచ్చినావిడ పేరు టార్ప్లీ. "ఫెయిల్ చేయడానికైతే ఓ కాగితం పంపితే సరిపోయేదమ్మా. చదువు ఎలా చెప్పాలో టీచర్లకు చూపించడానికి పంపారు నన్ను."

"రాజధాని నుంచి మా ఊరి క్లినిక్కుకు వచ్చినాయనా ఇలాగే తియ్యగా మాట్లాడాడు. ఇప్పుడక్కడ తాళం వేలాడుతోంది."

ఆవిడ కోప్పడలేదు. కియానాను పిలిచింది. మా పిల్ల కుక్కపిల్ల కథ గడగడా చదివేసింది. నేను గర్వంగా చూశాను. టార్ప్లీ ఆ పుస్తకం మూసి, బొమ్మల్లేని ఇంకో పుస్తకం తెరిచింది.

కియానా పేజీ వంక చూసింది. టార్ప్లీ మొహం వంక, నా వంక చూసింది.

"బొమ్మలేవి? బొమ్మ లేకపోతే ఎవరైనా ఎలా చదువుతారు?"

"వేళాకోళాలాపి చదవవే!" అన్నాను.

అది వేళాకోళం కాదు. ప్రతి ఆదివారం చర్చిలో అందరి ముందూ వాక్యం చదివే పిల్ల! ఆ వాక్యాలన్నీ శనివారాలు నేను చదివి వినిపించినవే. ఆ కుక్కపిల్ల కథ కూడా అలా విని కంఠస్థం చేసిందే.

గెయిన్స్ కుర్చీలో కూలబడింది. "బొమ్మ చూసి ఊహించమనే ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. మాకు నేర్పింది అదే."

"క్లాసులో ఇలాంటివాళ్లు ఇంకెంతమంది?" అడిగాను.

"పంతొమ్మిదిమందిలో పదకొండు మంది," అంది టార్ప్లీ. "పరీక్షకు ఆరు నెలలుంది. కియానా తప్పొచ్చు కూడా. నేను మాటివ్వలేను. కానీ చదవడం మాత్రం నేర్పుతాం."

వెళ్లిపొమ్మనడానికి వచ్చిన నోటితోనే అడిగాను. "మధ్యలో మిమ్మల్ని రాజధానికి పిలిపించుకుంటే?"

"ఏడాదంతా ఇక్కడే ఉంటానమ్మా."

"రాసివ్వండి."

గెయిన్స్ నవ్వబోయి ఆగింది. టార్ప్లీ రాసిచ్చింది. కియానా ఆ కాగితం అందుకుని, మొదటి అక్షరం కింద వేలు పెట్టింది.