మూడు రోజుల దద్దుర్లు

"మా వైపు చెవుడన్న మాటే లేదమ్మా, అంతా కోడలి వైపు నుంచే," అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటే, నేను టీ కప్పులు అందిస్తాను. ఖాళీ అయ్యాక కడుగుతాను. ఆరేళ్ళుగా ఇదే వరస. పాప అక్కడే ఆడుకుంటూ ఉంటుంది. చెవి మిషన్ తీసేసి ఉంటే ఆ మాట దానికి వినపడదు, అదొక్కటే నయం.

నాది రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. పాప పుట్టిన వారానికి దాని రక్తం నేనే పరీక్షించుకున్నాను. తల్లి నుంచి మాయ దాటి రాలేని యాంటీబాడీ అందులో ఉంది. అంటే రుబెల్లా, ఆ మూడు రోజుల దద్దుర్ల జబ్బు, కడుపులోనే పట్టుకుంది. ఈ వైరస్ కణాల్ని పెద్దగా చంపదు, వాటి విభజనను మందగింపజేస్తుంది. చెవి, కన్ను, గుండె తయారయ్యే వారాల్లో ఆ మాత్రం చాలు. నాకు ఎనిమిదో వారం నడుస్తుండగా మా ఆయన ఆఫీసు నుంచి ఒళ్ళంతా దద్దుర్లతో వచ్చాడు. వేవిళ్ళతో వాంతులు చేసుకుంటూనే మూడు రోజులు అతనికి తడిగుడ్డలు వేశాను. నాలుగో రోజు శుభ్రంగా ఆఫీసుకి వెళ్ళాడు. రెండు వారాలకు నాకూ నాలుగు మచ్చలొస్తే, "వేడి చేసిందిలే," అన్నారు అత్తగారు. నేనూ కాబోలనుకున్నాను.

రిపోర్టు చూపిస్తే ఆవిడ, "కాగితానికేం, ఏదైనా రాస్తారు," అన్నారు. మా ఆయన దాన్ని తిరగేసి చూసి టీవీ మీద పెట్టాడు. దద్దుర్ల సంగతి మర్చిపోయి ఉంటాడు, గుర్తుచేసి బాధపెట్టడం ఎందుకులే అని జాలిపడి ఊరుకున్నాను.

ఇప్పుడు ఆడపడుచుకి పెళ్ళి కుదిరింది, మూడు నెలల్లో. ఆమె రక్తం పరీక్షిస్తే రుబెల్లా నుంచి రక్షణ లేదని తేలింది. టీకా ఇప్పుడే వేయించాలి, కడుపొచ్చాక వేయకూడదు.

"లక్షణంగా ఉన్న పిల్లకి సూదులెందుకు?" అన్నారు అత్తగారు. మా ఆయన కూడా వద్దనేసి, వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు.

"దీనికి టీకా వేయిస్తే ఎందుకని అమ్మ అడుగుతుంది. అప్పుడు పాప చెవుడు నా వల్లే వచ్చిందని తెలిసిపోదూ?"

గిన్నె తోముతున్న చెయ్యి ఆగిపోయింది. ఇతనికి తెలుసు. కప్పులు అందిస్తున్న ప్రతిసారీ, ఆ మాట పడుతున్న ప్రతిసారీ, పక్క కుర్చీలో కూర్చుని అన్నీ తెలిసే టీ తాగాడు. నా జాలి మీద నాకే ఒళ్ళు మండింది. చేతులు కడుక్కుని బయటికొచ్చాను.

"అన్నయ్యెందుకు వద్దంటున్నాడు వదినా?" అంది ఆడపడుచు.

"చెప్పులేసుకో, టీకాకి వెళ్దాం. అత్తయ్యగారూ, మీరూ రండి. దారిలో చెబుతాను."