తెర మూలలో మా ఆయన

పెళ్ళయిన నలభై మూడో రోజున మా ఆయన టీవీలో కనిపించారు. తెరకి కుడివైపు, కింది మూలలో, పోస్టుకార్డంత పెట్టెలో. మిగతా తెరంతా ప్రధానిదే. అయినా ఆ ముప్పై ఎనిమిది నిమిషాలూ నేను ప్రధాని వంక చూస్తే ఒట్టు.

మా ఆయన బధిరుల పాఠశాలలో లెక్కల మాస్టారు. సైగల భాష ఆయన బడిలో నేర్చుకున్నది కాదు. మా అత్తయ్యకి పుట్టినప్పటి నుంచీ వినపడదు. "నాకు మాటలకన్నా ముందు చేతులొచ్చాయి. ఉయ్యాల్లోంచే పాలు కావాలని సైగ చేసేవాణ్ణట" అంటారు. పెళ్ళిచూపుల్లో ఆ మాట చెప్పినప్పుడే నేను పడిపోయాను. మా అమ్మకి మాత్రం జీతమెంతో చెప్పాక నచ్చారు.

ప్రధాని ఏటా ఒకసారి టీవీ ముందుకొచ్చి, దేశంలో ఏం చేయబోతున్నారో, బయటి దేశాలతో ఎలా ఉండబోతున్నారో ప్రజలకి చెప్తారు. ఏ ప్రధాని వచ్చినా అత్తయ్య నలభై ఏళ్ళుగా ఆ ప్రసంగం చూస్తూనే ఉన్నారు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా. ప్రధాని మధ్యలో ఎన్నిసార్లు మంచినీళ్ళు తాగారో లెక్కపెట్టి, "మూడు గ్లాసులు. పన్నులు పెరుగుతాయి" అని తేల్చేవారట. చాలాసార్లు నిజమయ్యేదట కూడా.

బధిరుల సంఘం ఆరేళ్ళు అర్జీలు పెట్టగా పెట్టగా ఈ ఏడు టీవీ కేంద్రం కరిగింది. ప్రసంగం పక్కన ఒక పెట్టె, అందులో సైగల దుబాసీ. కానీ ఒక మెలిక పెట్టారు. ఈ ఒక్కసారికే. ఏ ఫిర్యాదూ రాకపోతే ఇక ఎప్పటికీ ఉంటుంది, వస్తే తీసేస్తారు. ఆ దుబాసీ మా ఆయనే.

ఇంట్లో హడావుడి చూడాలి! అత్తయ్య కుట్టుపనిలో దిట్ట. దుబాసీ చొక్కాకి గళ్ళుండకూడదు, చారలుండకూడదు, గుండీలు మెరవకూడదు. చూసేవాళ్ళ కళ్ళు చేతుల మీదే నిలవాలి. ముదురు నీలం గుడ్డ తెచ్చి, జేబు లేకుండా, గుండీలు పట్టీ కింద దాక్కునేలా రెండు రోజుల్లో కుట్టేశారు. ప్రసంగం కాగితాలు ముందురోజు ఉదయం ఇచ్చారు. నేను పీట మీద నిలబడి, గొంతు బొంగురు చేసి, "ప్రియమైన దేశప్రజలారా" అని చదువుతుంటే మా ఆయన ఎదురుగా సైగలు చేసేవారు. అత్తయ్య కుర్చీలో న్యాయమూర్తి. ఎక్కడైనా అర్థం కాకపోతే చెప్పు తీసి నేలకేసి కొట్టేవారు. ఆ రోజు ఆ చెప్పు పదిహేడుసార్లు లేచింది.

"మీ అమ్మగారు పార్లమెంటుకి వెళ్ళాల్సిన మనిషి" అన్నాను.

"వెళ్తే నువ్వు రోజూ ఈ పీట మీదే ఉంటావు, జాగ్రత్త" అన్నారు మా ఆయన.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సైగల భాషలో మనుషులకి వేరే పేర్లుంటాయి. అసలు పేరు చెప్పాలంటే ఒక్కో అక్షరం వేళ్ళతో వెయ్యాలి. రోజూ అంత ఓపిక ఎవరికుంటుంది? అందుకని మనిషిని చూడగానే కంటికి ఏది ఆనితే అదే పేరు. మా ఆయన పేరు కనుబొమ్మ మీద గీత. చిన్నప్పుడు గడప తగిలిన మచ్చ అది. నా పేరు చేతిలోంచి జారే గిన్నె. కాపురానికొచ్చిన మూడో రోజున ఇత్తడి గిన్నె జారవిడిచాను. ఇంట్లో ఆ చప్పుడు వినపడని ఒకే ఒక్క మనిషి, నేల అదిరితే తిరిగి చూసి, అక్కడికక్కడే నామకరణం చేసేశారు. అలిగాను. "లాభం లేదోయ్, గెజిట్లో పడ్డట్టే" అన్నారు మా ఆయన. ఇప్పుడు ఎవరైనా ఆ సైగ చేస్తే ఠక్కున తలెత్తుతాను, పైగా సంబరంగా కూడా ఉంటుంది.

ప్రధాని పేరు చెవితమ్మె లాగడం. పొరుగు దేశాధ్యక్షుడి పేరు రెండు బుగ్గలూ పూరించి, వేళ్ళతో టప్పుమని తట్టడం. ఇందులో ఎగతాళి ఏమీ లేదు, పేరంటే పేరే. అయినా టీవీలో కదా, పేర్లన్నీ అక్షరాలతోనే వెయ్యాలని మా ఆయన ముందే అనుకున్నారు.

ప్రసంగం సాయంత్రం ఏడింటికి. సంఘం వాళ్ళు, అత్తయ్యతో కలిపి పన్నెండుమంది, మా ముందుగదిలో సర్దుకున్నారు. చోటు చాలక కిటికీ గట్టు మీద ఇద్దరు కూర్చున్నారు. పెట్టెలో నీలం చొక్కా కనపడగానే గదిలో ఇరవై నాలుగు చేతులు గాల్లోకి లేచి రెపరెపలాడాయి. వాళ్ళ చప్పట్లు అవి. నేను కూడా ఊపాను. ఊపి ఊపి మంచినీళ్ళ చెంబు తన్నేశాను, అది వేరే సంగతి.

మొదటి ఇరవై నిమిషాలు కాగితంలో ఉన్నట్టే నడిచింది. ప్రతి పేటకీ రెండేళ్ళలో ఒక ఆస్పత్రి. బడుల్లో మధ్యాహ్నం భోజనం. దూరాన రెండు దేశాలు కొట్టుకుంటున్నాయి, ఎవరి పక్షానా మన సైన్యం వెళ్ళదు. అప్పుడు ప్రధాని కాగితాలు పక్కన పెట్టేసి, నవ్వి, "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు" అన్నారు.

కాగితంలో లేని మాట! గెలవడం, ఇల్లు, రచ్చ అని ముక్కకి ముక్క పెడితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. మా ఆయన ఒక్క క్షణం ఆగారు. తర్వాత ఒక మనిషి తన గది ఊడ్చుకుంటున్నట్టు చేశారు. వంగి, మూలలు కూడా వదలకుండా. ఆ తర్వాత అదే మనిషి నడుము నిటారుగా చేసి, చీపురు పట్టుకుని, దర్జాగా వీధిలోకి నడిచాడు. గది గదంతా నవ్వింది. అత్తయ్య నా మోకాలి మీద ఒక్కటి చరిచి, "వీడు నా కొడుకు" అని సైగ చేశారు, అక్కడికి నాకు తెలియనట్టు.

ప్రధాని అక్కణ్ణుంచి ఊపందుకున్నారు. పొరుగు దేశంతో నది నీళ్ళ ఒప్పందం కుదిరింది, వేసవిలో మూడో వంతు నీళ్ళు వాళ్ళకిస్తాం, బదులుగా వాళ్ళు మన సరుకు రవాణాకి దారి ఇస్తారు. ఆ అధ్యక్షుడు ఎంత పెద్దమనిషో చెప్పడం మొదలుపెట్టి, ఆయన నాలుగు ముక్కల పేరు మాటమాటకీ తలుచుకున్నారు. రెండుసార్లు మా ఆయన అక్షరం అక్షరం వేశారు. అది పూర్తయ్యేలోపు ప్రధాని రెండు వాక్యాలు ముందుకెళ్ళిపోయారు. మూడోసారి ఇక చెయ్యి ఆలోచించలేదు. బుగ్గలు ఉబ్బాయి. టప్. అంతే, మళ్ళీ మాటకి మాట అందింది. గదిలో ఎవరికీ వింతగా అనిపించలేదు. నిజం చెప్పాలంటే నాక్కూడా తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే టీవీ కేంద్రం నుంచి ఫోను. మా ఆయన మొహం కడిగిన పలకలా అయిపోయింది.

"ఏమైందండీ?"

"విదేశాంగ శాఖ ఫిర్యాదు చేసిందట. మిత్రదేశాధ్యక్షుణ్ణి తొమ్మిదిసార్లు వెక్కిరించానట. పదకొండింటికి రమ్మన్నారు." తనే మళ్ళీ అన్నారు, "నా ఉద్యోగానికేం కాదులే, బడి ఉంది. కానీ ఆరేళ్ళ అర్జీలు నా బుగ్గల మూలాన పోతాయి."

విషయం తెలియగానే అత్తయ్య కుట్టుమిషను మీద ముసుగు కప్పి, చెప్పులేసుకున్నారు. నేనూ వస్తానని.

"అమ్మ మాట ఎవరు చెప్తారు? ఫిర్యాదు నా మీద. నేనే దుబాసీనైతే నాకు కావలసినట్టు మార్చి చెప్పాననుకుంటారు" అన్నారు మా ఆయన. తల్లీకొడుకులిద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు.

"బాబోయ్! నాకొచ్చింది నలభై రోజుల భాష."

"నెమ్మదిగా చెప్తాను" అన్నారు అత్తయ్య. జన్మలో ఆవిడ నెమ్మదిగా చెప్పింది లేదు.

డైరెక్టర్ గారి గదిలో గోడ నిండా టీవీలు, అన్నింటికీ శబ్దం ఆపేసి ఉంది. అత్తయ్య వాటిని ఒకసారి కలయజూసి, "ఈవిడ కూడా నాలాగే చూస్తుందే" అన్నారు. దుబాసీగా నా మొట్టమొదటి వాక్యం అదే. డైరెక్టర్ గారు నవ్వలేదు. యాభై ఏళ్ళావిడ, గడ్డం మీద పెద్ద పుట్టుమచ్చ, బల్ల మీద రెండు చల్లారిపోయిన టీ కప్పులు. రాత్రి తీసిన రికార్డు పెట్టి చూపించారు. బుగ్గలు, టప్. బుగ్గలు, టప్.

అత్తయ్య పకపకా నవ్వారు.

"నవ్వుతారేంటండీ? మేం పొద్దుట్నుంచీ సమాధానం చెప్పుకోలేక చస్తున్నాం" అన్నారు డైరెక్టర్ గారు.

"అది ఆయన పేరు. ఆయన మొదటిసారి టీవీలో కనపడ్డప్పుడు మేం పెట్టింది. నాకూ ఉంది. మీకూ ఉంది" అన్నారు అత్తయ్య.

"నాకా?"

అత్తయ్య తన గడ్డం మీద వేలు ఆనించి చూపించారు. "గుమ్మంలోకి రాగానే పెట్టేశాను."

డైరెక్టర్ గారి చెయ్యి దానంతటదే పుట్టుమచ్చ మీదకి వెళ్ళింది. కోపమొచ్చిందో సిగ్గేసిందో పోల్చుకోలేకపోయాను. "నాకర్థమైందమ్మా. కానీ ఫోన్ చేసినవాళ్ళకి ఇదంతా ఎవరు చెప్తారు? పెట్టె తీసేస్తే ఏ గొడవా ఉండదు."

అప్పుడు అత్తయ్య కుర్చీ ముందుకి జరుపుకున్నారు. నిన్న ప్రధాని చెప్పిందంతా వరసగా చెప్పడం మొదలుపెట్టారు. ఆస్పత్రులు, భోజనాలు, వెళ్ళని సైన్యం. నేను చెమటలు కక్కుతూ వెంటపడ్డాను. ఆవిడ చెయ్యి మెలికలు తిరిగింది. "వేసవిలో మూడో వంతు పామునిస్తారట" అన్నాను.

మా ఆయన దగ్గారు. "నది" అన్నారు, చూపు గోడ మీద పెట్టుకుని.

"నదినిస్తారట" అని దిద్దుకున్నాను. డైరెక్టర్ గారి పెదవి కొంచెం కదిలింది.

ఇక అత్తయ్య చేతులకి పట్టపగ్గాల్లేవు. "ఆస్పత్రి కడతాడు, సరే. అక్కడ నా పేరు పిలిస్తే నాకెలా తెలుస్తుంది? నంబరు తెర మీద వెయ్యాలని ఒక్క మాటన్నాడా? సైన్యాన్ని పంపననడం మంచిది. దానికి మెచ్చుకున్నాను. నీళ్ళ సంగతి మాత్రం తప్పు. వేసవిలో మా వీధి కుళాయిలో రోజుకి రెండు బిందెలు. ఇంట గెలవకుండానే రచ్చకెక్కి పంచిపెడుతున్నాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. నలభై ఏళ్ళుగా ఈ ప్రధానులు ఏం చెప్పినా నాకు కోపం రాలేదు. నిన్న వచ్చింది."

ఆవిడ ఆగారు. తర్వాతి సైగ చాలా చిన్నది, గుండె దగ్గరే చేశారు. నాకది వెంటనే అర్థమైంది.

"ఆ కోపం నాది. దాన్ని తీసేసుకోకండి అంటున్నారు."

గోడ మీద టీవీలు మూగగా ఆడుతున్నాయి. డైరెక్టర్ గారు రిసీవరెత్తి నంబరు కలిపారు.

"నేనేనండీ. ఆ సైగ విషయం. వెక్కిరింత కాదండీ, పేరు. వాళ్ళ భాషలో ఆయన్ని అలాగే పిలుస్తారు... అవునండీ, అందరికీ ఉంటాయి. నాకు కూడా ఉంది... మన ప్రధానిగారికా?" మా వైపు చూశారు. నేను చెవితమ్మె లాగి చూపించాను. "చెవి లాగడం అండీ... ఆఁ, చెవే." అవతల ఎవరో ఫక్కుమనడం నాక్కూడా వినిపించింది. "అలాగేనండీ, రాసిస్తాం."

ఫోను పెట్టేశారు. "ఒక పేజీ వివరణ రాసివ్వండి మాస్టారూ. ఇకనుంచి కొత్తపేరు వస్తే మొదటిసారి అక్షరాలతో, తర్వాత మీ సైగ. పెట్టె ఉంటుంది."

మా ఆయన లేచి నిలబడ్డారు. మళ్ళీ కూర్చున్నారు. నాకైతే అక్కడే ఆయన మెడ పట్టుకుని ఊగాలనిపించింది. అత్తయ్య ఎదుట బాగోదని ఊరుకున్నాను. ఈలోగా అత్తయ్య నా మోచెయ్యి గిల్లి, ఇంకోటి చెప్పమన్నారు.

"మేడమ్... పెట్టె మరీ చిన్నదట. దేశం అనే సైగకి చేతులు విప్పినప్పుడల్లా వేళ్ళు అంచు దగ్గర తెగిపోతున్నాయట. రెండింతలు చెయ్యమంటున్నారు."

డైరెక్టర్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మీ అత్తగారు సంజాయిషీకొచ్చారా, బేరానికొచ్చారా?"

అడిగి చెప్పాను. "రెండింటికీ కాదట. చూసేవాళ్ళ తరఫున వచ్చారట."

"ఒకటిన్నర" అన్నారు డైరెక్టర్ గారు.

అత్తయ్య ఒప్పుకున్నారు. ఆ ముఖంలో గర్వం చూసి తీరాలి. సింహాసనం మీంచి దిగి వస్తున్నట్టు ఆ గదిలోంచి బయటికొచ్చారు. ఆవిడ వెనక మా ఆయన, మా ఆయన వెనక నేను.

ఇంటికెళ్ళే బస్సులో మిగిలి ఉన్నది వెనక సీటే. తల్లికీ కొడుకుకీ మధ్య నన్ను కూర్చోబెట్టారు. బస్సు కదిలీ కదలకముందే, "నీళ్ళిస్తే దారొస్తుంది కదమ్మా, సరుకుల ధర తగ్గుతుంది" అని మా ఆయన ప్రధాని పక్షం తీసుకున్నారు. అత్తయ్య చేతులు లేచాయి. దేశమంత వెడల్పున విప్పి, నా ముక్కు రాసుకుంటూ, విదేశాంగ విధానాన్ని ఉతికి ఆరేస్తున్నారు. ముందు సీట్లవాళ్ళందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు. చూడనీ! వచ్చే స్టాపు దాటేలోపు ఇద్దరూ చెరో భుజం తట్టి, నువ్వు ఎవరి వైపో చెప్పమన్నారు.

నేను కాపురానికొచ్చి నలభై నాలుగు రోజులే. కిటికీలోంచి చూస్తూ, సైగలింకా సరిగ్గా రావన్నట్టు నటించాను.