దండ లేని బొమ్మ

బంతిపూల వాసన ఇక్కడెందుకొస్తోంది, కింద కర్రీ పాయింట్ వాడు తాలింపు వేస్తే మెట్లన్నీ ఆ వాసనే రావాలి గానీ బంతిపూలేంటి, హరిణి గుమ్మానికి కట్టించిందేమోలే, ఈ కాలం పిల్లయినా పద్ధతి తెలిసిన పిల్ల, వాళ్ళ తాతగారి పాత డబ్బింగ్ థియేటర్‌ని ఏ జిమ్ వాడికో అద్దెకిచ్చుకోకుండా కృష్ణానగర్ కళాకారులకని స్టూడియో చేసింది, చుట్టుపక్కల వాళ్ళ బొమ్మలే గోడలకి పెట్టి జనాన్ని పిలుస్తోంది, అంకుల్, మీరు కూడా ఒకటివ్వాలి, సినిమా కోసం వేసింది కాదు, మీ సొంతం అనిపించేది అంది, నా సొంతమేంటో నాకే తెలిస్తే కదా తల్లీ, వీరరాఘవయ్య అనే పేరు ఏ బొమ్మ మూలనా రాసుకోకుండానే ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో జుట్టు నెరిసిపోయిన వాణ్ణి, అయినా ఇచ్చాను, ఇచ్చిన దగ్గర్నుంచీ అన్నం సహించడం లేదు, పెళ్ళిచూపులకి వెళ్తున్నంత కంగారు, ఈ వయసులో ఇదొక ఖర్మ, ఈ మోకాళ్ళొకటి, అదుగో గుమ్మం, మామిడాకులే ఉన్నాయి, బంతిపూలు లేవు, మరి ఆ వాసన ఎక్కడిది, లోపల జనం బాగానే ఉన్నారు, బాలనర్సయ్య వేసిన ఆటోస్టాండ్ బొమ్మ దగ్గర నలుగురు నిలబడి నవ్వుతున్నారు, వాడికేం, ఒకప్పుడు యాభై అడుగుల కటౌట్లు వేసిన చెయ్యి, నా బొమ్మ ఆ మూల, కిటికీ పక్కన, దాని ముందు నేత చీర కట్టుకున్న ఒక పెద్దావిడ, జూబ్లీహిల్స్ నుంచి వచ్చిన శారదాదేవిగారని హరిణి చెవిలో చెప్పింది, ఆవిడ కళ్ళు మూసుకుని చేతులు జోడించింది, బొమ్మకి దండం పెట్టడమేంటా అనుకునేలోపే ఇటు తిరిగి, మీరేనాండీ వేసింది, ఎంత ప్రశాంతంగా ఉందో మొహం, ఎప్పుడు పోయారండీ అనడిగింది, పోవడమేంటి, అప్పుడు చూశాను, నా ఫ్రేము మీద ఇంత లావు బంతిపూల దండ, మధ్యలో చేమంతులు కూడా, అయ్యో బొమ్మలో ఉన్న కొమురమ్మకేమీ కాలేదండీ, నిక్షేపంగా ఉంది, ఇంకాసేపట్లో బోరబండ నుంచి ఇక్కడికే వస్తోంది అని చెప్పాల్సింది, దండ వైపే చూస్తుండిపోయాను, శారదాదేవిగారేమో నా మొహం చూసి దుఃఖం అనుకుంది, భుజం తట్టి వెళ్ళిపోయింది.

రాములూ, ఎవడు వేశాడయ్యా ఈ దండ, నేనే సారూ అన్నాడు సెట్ సామాన్లు చూసే ప్రాపర్టీ రాములు, ఇంత మొహం చేసుకుని, పొద్దుగాల్నే గుడిమల్కాపూర్ పూల మార్కెట్ పోయి తెచ్చిన, మంచిగ కుదిరింది గదా, ఒళ్ళు మండిపోయింది నాకు, నీకు బుద్ధుందా, ఇది సినిమా కాదు, ఆవిడ బతికున్న మనిషి అని పళ్ళ మధ్య నుంచి తిట్టాను, వాడు అటూ ఇటూ చూసి తల గోక్కుని, కొమురమ్మక్క బతికున్నదని నాకెర్కలేదా సారూ, నువ్వు బొమ్మేసుడు నేను దండేసుడు ఎన్నేండ్ల సంది నడుస్తలేదు, ఏమో, బొమ్మను జూస్తే చెయ్యి ఆగలే అన్నాడు, చెయ్యి ఆగలేదట, వాణ్ణని ఏం లాభం, సెట్‌లో నా బొమ్మ గోడకెక్కిందంటే వాడి దండ పడాల్సిందే, హీరో తల్లి పోయిందని కథలో రాసుకుంటే చాలు, నూనె రంగుల్లో ఛాతీ దాకా ఒక బొమ్మ, బంగారు రంగు ఫ్రేము, దండ, కింద దీపం, దాని ముందు హీరో పిడికిలి బిగించి శపథం చెయ్యడం, ఆ తల్లిగా కూర్చోడానికి కాస్త పేరున్న వాళ్ళెవరూ ఒప్పుకోరు, బతికుండగా మాకు దండేంటండీ అంటారు, కొమురమ్మ ఒప్పుకుంది, జూనియర్ ఆర్టిస్టుగా గుంపులో నిలబడి నిలబడి కాళ్ళు పోతున్నయి సారూ, ఇదైతే కూసునే పని అంది, గోదావరి జమీందారుగారి భార్య ఆవిడే, సీమ పెద్దింటి కోడలు ఆవిడే, బెజవాడ మేష్టారి తల్లీ ఆవిడే, నోరు తెరిస్తే బోరబండ యాస, కానీ గోడ మీది బొమ్మ నోరు తెరవదు కదా, అందుకని ఎవరికీ ఇబ్బంది రాలేదు, షాట్ అవగానే మా వాళ్ళకొక ఆచారం ఉంది, దండ పడిన బొమ్మ ఎవరిదో ఆ మనిషిని సెట్‌కి పిలిపించి, దండ వాళ్ళచేతే తీయించి, కెమెరా ముందు పగలబడి నవ్వమంటారు, కెమెరా తిరుగుతూనే ఉంటుంది, ఆ ముక్క సినిమాలో రాదు, కీడు పోవడానికి అంతే, కొమురమ్మ నవ్వితే లైట్‌మన్లు కూడా నవ్వు ఆపుకోలేరని రాములు చెప్పేవాడు, నేనెప్పుడూ చూడలేదు, బొమ్మ అప్పగించగానే ఇంకో సెట్ గోడలకి పాతదనం పూయడానికి పరిగెత్తేవాణ్ణి, ఎంత పని, ఎంత పరుగు, ఇప్పుడైతే ఫోటో తీసి కంప్యూటర్లోనే నూనె రంగులు పూసేస్తున్నారు, నేనూ ఖాళీ, ఆవిడా ఖాళీ, ఖాళీ అయ్యాక పోయినేడు ఆవిడకి గుండెనొప్పి, స్టెంటు వేశారు, ఆస్పత్రి వరండాలో వాళ్ళమ్మాయి చిన్ని నా మీద విరుచుకుపడింది, మా అమ్మకు ఎన్ని దండలేసిండ్రు సార్, ఎన్నిసార్లు సంపిండ్రు, గా పాపమే తగిలింది అని, డాన్సులు చేసుకునే పిల్ల, చదువుకున్న పిల్ల, ఇదేం వెర్రి మాట అని కసిరాను, కసిరానే గానీ లిఫ్టు పక్కకి పోయి ఏడ్చాను, కొమురమ్మ ఇంటికొచ్చాక ఆవిడతో అన్నాను, ఒక్క బొమ్మ వేస్తాను, సినిమాకి కాదు, నీదే, కింద నీ పేరే ఉంటుంది, అందరూ వచ్చి చూస్తారు, ఆవిడ మంచం మీద నుంచే, ఎయ్యి సారూ, గని దండ ఉండొద్దు, మాటియ్యి అంది, చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను, ఇప్పుడు ఆవిడ ఆటోలో వస్తూ ఉంటుంది.

తీసెయ్యాలి, ముందు తీసెయ్యాలి, స్టూల్ ఏది, హరిణి పరిగెత్తుకొచ్చి, ఎందుకంకుల్, చాలా పవర్‌ఫుల్‌గా ఉంది, అందరూ ఎమోషనల్ అవుతున్నారు, ఉంచేద్దామా అంది, ఉంచేస్తే నా పీక మీద కాలేసి తొక్కుతుందమ్మా చిన్ని అన్నాను, హరిణి నవ్వింది, నేను నవ్వలేదు, స్టూలెక్కి దండ తీసి రాములు మీదకి విసిరేశాను, వాడు భుజాన వేసుకుని దిక్కులు చూస్తున్నాడు, దూరంగా వచ్చి చూశాను, హమ్మయ్య అనుకోబోయాను, అనుకోలేకపోయాను, ఏదో వెలితిగా ఉంది, పెళ్ళివారు వెళ్ళిపోయిన ఇంట్లా బోసిగా, రంగు తక్కువైందా అంటే కాలేదు, పోలిక తప్పిందా అంటే తప్పలేదు, ఆ కనుబొమ్మ, ఆ ముక్కు పుడక, అచ్చం కొమురమ్మే, అంతా దిష్టి, కంగారు, మంచినీళ్ళు తాగితే సర్దుకుంటుంది అనుకుంటున్నానో లేదో మెట్ల మీద ఆయాసం వినిపించింది, మధ్య మధ్య ఆగి, చిన్ని, జర ఆగే అంటున్న గొంతు.

పచ్చ చీర, తలకి నూనె రాసి దువ్విన జడ, మనిషి చిక్కింది, లోపలికి అడుగు పెట్టగానే టీ కప్పుతో ఎదురైన శారదాదేవిగారు ఉలిక్కిపడి, టీ సగం సాసర్లో పోసుకుని, అమ్మా, మీరు ఆ పోయినావిడకి చెల్లెలా అంది, ఎవలికి చెల్లెనమ్మా, నేను నేనే, కొమురమ్మను, నేను పోయిన్నని ఎవలన్నరు నీకు అంది, చిన్ని కళ్ళు ముందు బొమ్మ మీదకి, తర్వాత రాములు భుజం మీద దండ మీదకి, అక్కణ్ణుంచి నా మీదకి వచ్చాయి, మల్ల ఏసిండ్రా సార్ అంది, అంతే, అరవలేదు, అరిచినా బాగుండేది, తల కొట్టేసినట్టయింది నాకు, నేను కాదు రాములు అని వేలు పెట్టి చూపించబోయి సిగ్గేసి ఆగిపోయాను, కొమురమ్మే, ఊకో బిడ్డా, ఏసిండ్రు, తీసిండ్రు, నాకేమైంది, ఉన్న గదా అని కూతుర్ని పక్కకి జరిపి బొమ్మ ముందుకి వెళ్ళి నిలబడింది, చాలాసేపు చూసింది, ఆవిడ వెనక నిలబడి నేను మెచ్చుకోలు కోసం చూసే చిన్నపిల్లాణ్ణయిపోయాను, మంచిగున్నది సారూ, శాన మంచిగున్నది అంది, నా ప్రాణం లేచొచ్చింది, గని సారూ, గీమెను జూస్తుంటే నాక్కూడ దండం పెట్టబుద్ధైతుంది.

వెటకారం కాదు, ఆవిడకి వెటకారం రాదు, నిజంగానే అంది, గీమె మస్తు పెద్దమనిషి లెక్కుంది, నేను గిట్ల నోరు మూసుకోని ఎప్పుడన్న కూసున్ననా అని నవ్వి, ఏడిపిస్తున్న అనుకునేవు, మంచిగున్నది అని నా మోచెయ్యి తట్టి వెళ్ళి శారదాదేవిగారి పక్కన కూర్చుంది, నేనక్కడే నిలబడిపోయాను, ఇప్పుడు కనపడుతోంది, ఎందుకు కనపడలేదో ఇంతసేపూ, భుజాల దగ్గర రంగు పల్చగా వదిలాను, గుండెల మీద చీర మడతలు వెయ్యకుండా చదునుగా వదిలాను, దండ పడితే అక్కడంతా కప్పుకుపోతుంది కదా, అందుకని అక్కడ పని దండగని మొదట్లో నేర్చుకున్న అలవాటు, నెల రోజులు ముందేసుకు కూర్చుని, దండ లేని బొమ్మ అని మనసులో జపం చేసుకుంటూ దండకి చోటు వదిలాను, పెదవులు మూశాను, చూపు హీరో నిలబడే వైపుకి దించాను, ఇక్కడ హీరో ఎవడున్నాడని, రాములు పొరపాటు పడలేదు, నా బొమ్మ అడిగింది, వాడు వేశాడు, చిన్ని అన్నది వెర్రి మాటైతే మరి నేను చేసిందేంటి, బతికొచ్చిన మనిషిని బతికున్నట్టు వెయ్యడానికి కూర్చుని ఇలా వేశాను, పోలిక తప్పలేదని మురిసిపోయాను, నా పోలిక తగలెయ్య, ఆవిడ అక్కడ మాట్లాడుతోంది, మా జమీందారిణి కథ చెప్తోంది, నేను లైట్ల ఎనక నిలవడ్డ, గా హీరో శపథం జేస్తుండు, నా బొమ్మ మీదికెళ్ళి బల్లి దిగింది, డైరెక్టర్ కట్టన్నడు, నేను ఫ్రేములున్న నన్ను జూస్తనో బల్లిని జూస్తనో, శారదాదేవిగారు టీ మర్చిపోయి నవ్వుతోంది, హరిణి నేల మీదే కూర్చుండిపోయింది, చిన్ని కూడా నవ్వు ఆపుకోలేక మొహం అటు తిప్పుకుంది, బాలనర్సయ్య తన బొమ్మ వదిలేసి వచ్చాడు, గాలిలో బల్లి పాకుతోంది, డైరెక్టర్ టోపీ తీసి నేలకి కొట్టాడు, హీరో పిడికిలి బిగించాడు, అన్నీ ఆవిడ చేతుల్లోనే, ఒక చెయ్యి గోడ, ఒక చెయ్యి బల్లి, మెటికలు లావుగా ఉన్న చేతులు, ఎడమ మణికట్టు మీద పచ్చబొట్టు ఉందా, అది పువ్వా, పేరా, ఇక్కణ్ణుంచి కనపడటం లేదు, నాకు తెలియదు, ఛాతీ దాకా బొమ్మలు కదా అన్నీ, ఇన్నేళ్ళలో కొమురమ్మకి నేను చేతులు వెయ్యలేదు.