పడవ మోటారుకు ఆముదం

ఐదేళ్లుగా అడుగున పల్లేరుకాయలు తప్ప నీటిచుక్క లేని చెరువు ఒక్క రాత్రిలో నిండింది. కొత్తచెరువు అనే ఊరికి రెండు మైళ్ల దూరంలో ఉన్న ఆ పల్లెలో ఇంత వాన ఎప్పుడు కురిసిందో ముసలివాళ్లకు కూడా గుర్తు లేదు. తెల్లవారేసరికి కట్ట చివర ఎక్కువైన నీళ్లు బయటికి పోయే మరువ మీదుగా పొంగి పారుతున్నాయి. ఎండిన చెరువు నడుమ దిబ్బ మీద వేసిన జొన్నచేనుకు కావలి పోయిన అక్కమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు అక్కడే చిక్కుకుపోయారు. గడ అందే లోతు కాదు. తెడ్లు వేసుకుని పోతే పడవ మరువ వైపు కొట్టుకుపోతుంది. దిబ్బ గంటగంటకూ చిన్నదవుతోంది.

అందుకే అక్కమ్మ మొగుడు తిప్పన్న మూడేళ్ల తర్వాత పీరాసాబ్ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"సాబన్నా, పడవ మోటారు తియ్యల్లన్నా."

పీరాసాబ్‌కు మూడేళ్ల నాటి పొద్దు గుర్తొచ్చింది. భార్య హలీమాబీకి కడుపునొప్పి ముదిరి, వెంటనే అనంతపురం తీసుకుపొమ్మని డాక్టరు చెప్పిన పొద్దున తిప్పన్న దగ్గరికి ఎద్దుల బండి అడగడానికి పోయాడు. "నేల పదును పోతాదన్నా. విత్తనం వేసి మధ్యాన్నం తోలుతా" అన్నాడు తిప్పన్న. మధ్యాహ్నం బండి వచ్చింది. అప్పటికి దానితో పని లేకపోయింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పీరాసాబ్ ఆ సంగతి మరిచిపోలేదు, మరిచిపోవాలని అనుకోనూ లేదు.

కానీ అంతకు ముందు హలీమాబీ మంచాన పడ్డ ఇరవై రోజులూ ఆమెకు తల దువ్వి, గంజి తాగించి, గుడ్డలు ఉతికింది ఈ తిప్పన్న పెళ్లామే.

పీరాసాబ్ లేచి కొట్టంలోకి పోయాడు.

చెరువులో నీళ్లున్న రోజుల్లో అవతలి పల్లెలవాళ్లను దాటించడానికి పంచాయతీ ఒక రేకు పడవను, దానికి ఈ మోటారును కొన్నది. నడపడం పీరాసాబ్ పని. పంతొమ్మిది వందల యాభై ఏడులో చెరువు ఎండిపోయింది. మోటారును ఇంటికి తెచ్చి, గోనెపట్ట చుట్టి, దూలానికి వేలాడదీసి, బావుల మీద ఆయిలింజన్ల రిపేరు పనికి పోయాడు. మళ్లీ దాని మీద చెయ్యి వెయ్యలేదు.

ఐదేళ్లు తిప్పని ఇంజను లోపల ఎట్లా ఉంటుందో అతనికి తెలుసు. తుప్పు పట్టి, పిస్టను సిలిండరును కరుచుకుని ఉంటుంది. అట్లాంటివాటిని సుత్తితో కొట్టి విడదీసిన రోజులున్నాయి. అంత సేపు ఇప్పుడు లేదు.

కిందికి దించి గోనెపట్ట విప్పాడు. ప్లగ్గు ఉండాల్సిన రంధ్రంలో ఆముదంలో ముంచిన గుడ్డపేలిక కుక్కి ఉంది. ప్లగ్గును చిన్న సంచిలో వేసి పిడికి కట్టారు. పేలిక లాగాడు. తడిగా ఉంది. పైచక్రం మీద చెయ్యి వేసి తిప్పాడు. తిరిగింది.

చెయ్యి అక్కడే ఉండిపోయింది.

హలీమాబీకి శుక్రవారం ఇల్లు కడిగాక తలుపు గొళ్లేలకు, కుట్టుమిషనుకు ఆముదం వేసే అలవాటు. ఒకసారి మోటారుకు కూడా వేస్తుంటే చూసి, "ఎండిన చెరువులో దీన్ని యాడ తిప్పుతావే?" అని ఎగతాళి చేశాడు. ఆమె నవ్వి ఊరుకుంది. కానీ ఆమె పోయి మూడేళ్లు. ఈ ఆముదం మొన్న వేసినట్టుంది.

"అక్కమ్మ వచ్చి వేస్తాండాది," అన్నాడు తిప్పన్న గడప అవతల నుంచే. "శుక్రవారం నువ్వు ఇంజన్ల పనికి పోయినాంక. ఆముదం వేసేది ఆపొద్దని హలీమక్క చెప్పి పోయిందంట. నీకు తెలిస్తే తిడతావని మా ఆడమనిషి చెప్పలేదు."

పీరాసాబ్ చేతిలోని పేలికను జాగ్రత్తగా పక్కన పెట్టాడు. "కిరసనాయిలు తీసుకురా," అన్నాడు.

కార్బొరేటరు విప్పితే లోపల పాత పెట్రోలు ఎండి జిగురు కట్టి ఉంది. ఆ తప్పు హలీమాబీది కాదు. ట్యాంకులో పెట్రోలు పారబొయ్యకుండా మోటారును వేలాడదీసింది తనే. అన్నిటినీ కిరసనాయిల్లో కడిగి, సన్న రంధ్రాన్ని ఎద్దు తోక వెంట్రుకతో పొడిచి శుభ్రం చేశాడు. ప్లగ్గును పొయ్యి మీద కాల్చాడు. వానకు ఊళ్లోనే ఆగిపోయిన పశువుల డాక్టరు తన మోటారు సైకిలులోంచి పెట్రోలు తీసి ఇచ్చాడు. దాంట్లో ఆయిలు కలిపి పోశాడు.

మోటారును కొట్టం గుంజకు బిగించి, పంకా ఉన్న దాని కాలు మునిగేట్టు కింద పశువుల తొట్టి పెట్టారు. నీళ్లు అందకుండా నడిపితే ఇంజనును చల్లబరిచే పంపు లోపలి రబ్బరు రెక్కలు కాలిపోతాయి. తిప్పన్న రెండు బిందెలు పోసి ఆపాడు. తొట్టి సగం నిండింది. పీరాసాబ్‌కూ అది చాలనే అనిపించింది. ఐదేళ్లుగా పశువులకు సైతం కొలిచి పోసిన తొట్టి అది.

తాడు చుట్టి లాగాడు. పదోసారికి మోటారు అందుకుంది. నీలం పొగ కమ్మి, కోళ్లు గోడలెక్కాయి. అంతలోనే రబ్బరు కాలిన వాసన వచ్చింది. పీరాసాబ్ టక్కున ఆపి తొట్టిలోకి చూశాడు. నీళ్లన్నిటినీ పంకా బయటికి చిమ్మేసింది. అడుగున చెంబెడు ఉన్నాయి.

"ఏమప్పా, ఊరు మునిగిపోతాంటే రెండు బిందెలు పోస్తావా?"

"నువ్వూ చూస్తానే ఉంటివి కదన్నా. చాలవని అనకపోతివి."

గోడ అవతల నుంచి పక్కింటి మారెమ్మ తల ఎత్తింది. "ఇంత వానలో నీళ్లు పొదుపు చేసేటోళ్లు మీరిద్దరే, నాయనా."

పీరాసాబ్‌కు నవ్వొచ్చింది. తిప్పన్న ఎదురుగా నవ్వడం ఇష్టం లేక వంగి పంపు విప్పాడు. ఆరు రెక్కల్లో ఒకటి కరిగింది. ఐదు బాగున్నాయి.

"ఇంక తొట్టి వద్దు. చెరువులోనే చూద్దాం."

చావిడిలో బోర్లించిన రేకు పడవను నలుగురు మోసుకొచ్చి నీళ్లలో దించారు. తిప్పన్న అడక్కుండానే ఎక్కాడు. పీరాసాబ్ దిగమనలేదు. మూడో లాగుకు మోటారు అందుకుంది. వెనక రంధ్రం నుంచి నీళ్లు సన్నగా ధార కట్టాయి. ఆ ధార ఆగితే ఇంజను వేడెక్కి ఆగిపోతుంది, ఇద్దరూ మరువ మీద నుంచి కింద పడతారు. పీరాసాబ్ ఒక కన్ను దాని మీదే పెట్టి, నీటి వాలుకు ఎదురుగా పడవను ఏటవాలుగా ఎక్కించాడు. పెదవుల మీద హలీమాబీ పేరు ఉంది. మోటారు మోతలో అది ఎవరికీ వినబడదు.

దిబ్బ మీద మంచమంత చోటు మిగిలింది. ముగ్గురు ఆడవాళ్లు, ఒక మేక.

"ఇంతసేపా పీరన్నా?" అని అరిచింది అక్కమ్మ. "మోటారు తిరగలేదా యేమి?"

"తిరిగింది. నీ మొగుడే నీళ్లు పొయ్యలేదు."

"ఆయప్పకు నీళ్లంటే చెయ్యి రాదులే," అని ముందు మేకను పడవలోకి తోసింది. తిప్పన్న ఆమెను రెట్ట పట్టి ఎక్కించి, వదలకుండా అట్లాగే కూర్చున్నాడు.

కట్ట చేరాక పీరాసాబ్ మోటారు ఆపాడు. దిగబోతున్న అక్కమ్మకు రెండు చేతులూ జోడించాడు. అతను అట్లా ఎవరికీ మొక్కగా ఊరు చూడలేదు.

"ఇదేమన్నా, చిన్నదానికి మొక్కుతావు?"

"మూడేళ్లు నా ఇంటి పని చేసినావు. నేను చూడనే లేదు తల్లీ."

అక్కమ్మ తడిసిన కొంగు పిండుకుంటూ మేక వెనక పోయింది. తిప్పన్న పడవ అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, ఆ పొద్దు బండి..."

"ఆ మాట ఎత్తొద్దు. నీ మీద కోపం పోలేదు నాకు."

"తెలుసులే అన్నా."

"పోదు కూడా. గానీ అక్కమ్మను తెచ్చుకున్నాము. ఈ పొద్దుకి అది చాలు."