బామ్మర్ది వంశంలో విషం

నర్మెట్టలో కోళ్లఫారం పెట్టినప్పటినుంచి మహిపాల్ రెడ్డి మనిషి కనిపిస్తే చాలు, కోళ్ల ముచ్చటే చెప్పేవాడు. అలాంటివాడు ఎనభై ఎనిమిది వానాకాలంలో కోళ్లు వరసగా చచ్చిపోతుంటే నోరు మూసుకుని, చచ్చిన కోడినొకదాన్ని సంచిలో వేసుకుని జనగామ బస్సెక్కాడు.

"కోడికి టికెట్ తీస్తవా?" అన్నాడు కండక్టర్.

"సచ్చినదానికి టికెట్ ఏందన్నా?"

ఆ మాటతో పక్క సీటు ఖాళీ అయింది. మహిపాల్ కాళ్లు చాపుకుని పోయాడు.

పశువుల దవాఖానలో డాక్టర్ ఇబ్రహీం కోడిని కోసి చూపించాడు. పేగు లోపలంతా పాత తువ్వాలలా గరుకుతేలి ఉంది.

"గిది కంటికి కనబడని పురుగు పని పటేలా. మంచిగున్న కోడి పేగులల్ల గూడ ఉంటది. కానీ కొన్ని పురుగులకు విషం తయారుచేసే జన్యువు ఉంటది."

"జన్యువంటే?"

"వంశంల దిగే గుణం..."

మిగతాది వినడానికి మహిపాల్ అక్కడ లేడు. కోడిపిల్లల్ని తెచ్చిచ్చింది తొర్రూరులో ఉండే బామ్మర్ది నిరంజన్. ఇంకేం కావాలి! బస్టాండు హోటల్లోనే అందుకున్నాడు: "నా బామ్మర్ది విషపు వంశం కోళ్లను అంటగట్టిండు!" ఆ మాట నర్మెట్ట చేరేసరికి అందులోంచి కోళ్లు జారిపోయి, విషం నిరంజన్ వంశంలోనే ఉందన్నట్టు తయారైంది. ఆ వంశంలోనే పుట్టిన మహిపాల్ భార్య సునంద పొయ్యి ఆర్పేసింది.

"విషపుదాని చేతికూడు ఎందుకు తింటవు? నువ్వే వండుకో."

మాడిన అన్నంతో కుస్తీపట్టి మహిపాల్ మళ్లీ జనగామ పోయాడు. ఈసారి సునంద కూడా వచ్చింది. విషయం విని డాక్టర్ తల పట్టుకున్నాడు.

"వంశమంటే కోళ్లది గాదు పటేలా, పురుగుది! అది ఊకె పడి ఉంటది. దాణాల చేపపొడి ఎక్కువైతే, కింద పరిచిన పొట్టు తడిస్తే రెచ్చిపోయి విషం కక్కుతది. చేపపొడి ఎవరు కలిపిండ్రు?"

సునంద మొగుడి వైపు చూసింది. మహిపాల్ గోడమీది ఆవు బొమ్మ వైపు చూశాడు.

"జల్ది బలుస్తయని... జర ఎక్కువేసిన."

"జర గాదు డాక్టర్ సాబ్. వాసనకు ఊర్ల పిల్లులన్నీ పెండ్లికొచ్చినట్టు ఫారం ముంగట కూసుంటున్నయి."

డాక్టర్ నీళ్లలో కలిపే మందిచ్చాడు. మహిపాల్ చేపపొడి తగ్గించి, తడి పొట్టు ఎత్తిపోసి పొడిది పరిచాడు. చావులు ఆగాయి. కోళ్లు మళ్లీ దాణా దగ్గర తోసుకోసాగాయి. పొయ్యి మాత్రం వెలగలేదు.

"హోటల్ల తిట్టినవు. హోటల్లనే చెప్పు," అంది సునంద.

మహిపాల్ నిరంజన్‌ను పిలిపించి, అదే హోటల్లో బెంచీ ఎక్కాడు. "అన్నలారా! నా బామ్మర్ది వంశంల విషం లేదు. తప్పంత నాదే!"

చాయ తాగేవాళ్లు చప్పట్లు కొట్టారు. "దిగు బావా, నా ఇజ్జత్ పోతున్నది," అంటూ నిరంజన్ చెయ్యందించాడు.

ఇంటికొచ్చాక సునంద పొయ్యి వెలిగించింది. ముందు తమ్ముడికి వడ్డించింది. మహిపాల్ కంచం ముందు పెట్టుకుని తన వంతుకోసం కూర్చున్నాడు.